లాక్‌డౌన్ ఎత్తేశారు సరే, ఇప్పుడు బయటికి వెళ్లడం ఎలా

లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లకి కొదవే లేదు, చేతులు ఇలా కడగండి, సరుకులు ఇలా తెచ్చుకోండి, ఇంట్లోంచి ఆఫీసు పని ఇలా చేసుకోండి అని ఒక్కోదానికి వంద వీడియోలు. ఎత్తేసిన రోజు మాత్రం "ఇక వెళ్లొచ్చు" అన్నారు, అంతే, ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. నేనైతే ఆ రోజు చెప్పులేసుకుని, మాస్కు పెట్టుకుని, జేబులు మూడుసార్లు తడుముకుని గుమ్మం దాకా వెళ్లా, ఎదురింటి తలుపు గడియ తీస్తున్న చప్పుడు వినబడగానే మళ్ళీ లోపలికొచ్చి తలుపేసుకున్నా. ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఎదురింటాయన మంచివాడే.

అందుకే, మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటిది వచ్చి, అన్నీ మూసి, తర్వాత మెల్లగా తెరుస్తుంటే ఆ తెరిచే టైమ్‌లో ఏం చేయాలో నాకు తెలిసినంత రాసి పెడుతున్నా. కోవిడ్‌లో నేర్చుకున్నదే కాబట్టి లెక్కలన్నీ దానివే, ఇంకో జబ్బైతే కొన్ని మారతాయి. నేను డాక్టర్ని కాదు, మీకు షుగరో గుండె జబ్బో ఇంకేదైనా పెద్ద ట్రీట్‌మెంటో నడుస్తుంటే మీ డాక్టర్ మాటే ఫైనల్.

ముందు ఒక్క విషయం బుర్రకి ఎక్కించుకోవాలి. పర్మిషన్ వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు. ఆంక్షలు ఎత్తేయడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఆస్పత్రుల్లో బెడ్లు ఖాళీ అయ్యుండొచ్చు, టీకాలు పడి ఉండొచ్చు, పనుల్లేక జనం చితికిపోతున్నారని అయ్యుండొచ్చు, ఇక ఎవరూ మాట వినట్లేదని కూడా అయ్యుండొచ్చు. 2020 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ, ఆంక్షలు సడలించాలంటే ఆరు విషయాలు చూసుకోమని చెప్పింది, వ్యాప్తి అదుపులో ఉందా, ప్రతి కేసునీ పట్టుకుని టెస్ట్ చేసి విడిగా పెట్టి వైద్యం చేసే సత్తా ఉందా, ఆస్పత్రులూ వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ముప్పు తగ్గిందా, ఆఫీసులూ స్కూళ్లలో జాగ్రత్తలు ఏర్పాటయ్యాయా, బయటి నుంచి వచ్చే కేసుల్ని చూసుకోగలరా, జనానికి విషయం పూర్తిగా అర్థమైందా అని. చాలా చోట్ల ఈ ఆరూ టిక్ పెట్టుకునే తెరిచారంటారా? నాకైతే నమ్మకం లేదు. అందుకే "అలౌడా కాదా" అన్న ప్రశ్న పక్కన పెట్టేసి, "అక్కడ గాలి ఎలా ఉంది, ఎంతమంది ఉంటారు, ఎంతసేపు ఉండాలి, నాతో ఇంట్లో ఎవరున్నారు" అని అడుగుతా నేను. కింద చెప్పేదంతా ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

రెండు వారాలు ఆగి చూడండి

తెరిచిన రోజు ఏమీ జరగదు, మర్నాడూ జరగదు. అక్కడే మోసపోతాం. మొదట్లో వచ్చిన కరోనాకి అంటుకున్నాక లక్షణాలు రావడానికి సగటున 5, 6 రోజులు పట్టేది, తర్వాత వచ్చిన ఒమిక్రాన్ రకానికి అది 3 రోజుల దాకా తగ్గింది, ఆ తర్వాత టెస్టుకి వెళ్లడానికి ఒకట్రెండు రోజులు, ఆస్పత్రిలో చేరే స్థితికి రావడానికి ఇంకో వారం. అంటే ఈ రోజు గేట్లెత్తితే దాని ఫలితం ఆస్పత్రి లెక్కల్లో కనబడేసరికి రెండు వారాలు అవుతుంది. నెదర్లాండ్స్‌లో 2021 జూన్ 26న నైట్‌క్లబ్బులు తెరిచారు, టెస్ట్ నెగెటివ్ అనో టీకా పడిందనో చూపిస్తే చాలు లోపల దూరం కూడా అక్కర్లేదన్నారు, కేసులు రాకెట్‌లా లేచాయి, జూలై 10న మళ్ళీ మూసేశారు, అప్పటి ప్రధాని మార్క్ రుట్టే మా అంచనా తప్పిందని క్షమాపణ చెప్పాల్సొచ్చింది. లెక్కేస్తే సరిగ్గా 14 రోజులు. ఇదేం కొత్త కాదులెండి, 1918 ఫ్లూ టైమ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నవంబర్ 21 మధ్యాహ్నం పన్నెండింటికి కూత మోగగానే జనం మాస్కులు పీకి రోడ్ల మీద పారేసి సంబరం చేసుకున్నారు, 1919 జనవరి వచ్చేసరికి మళ్ళీ అవే మాస్కులు తప్పనిసరి చేశారు.

కాబట్టి మొదటి రెండు వారాలు ఇంట్లోనే ఉండిపొమ్మనట్లేదు. ఆ రెండు వారాలు బయటి పనులు, ఆరుబయట పనులు పెట్టుకోండి, నాలుగు గోడల మధ్య జనం పోగయ్యేవి తర్వాతకి నెట్టండి. ఈ లోపు రోజువారీ కేసుల సంఖ్య కాకుండా ఆస్పత్రిలో చేరుతున్న వాళ్ల సంఖ్య చూడండి, ఎందుకంటే టెస్టులు తగ్గిస్తే కేసులు వాటంతటవే తగ్గినట్టు కనబడతాయి, బెడ్డు మీద పడుకున్న మనిషిని మాత్రం దాచడం కష్టం. మీ దగ్గర మురుగునీటిలో వైరస్ కొలిచే లెక్కలు బయటపెడుతుంటే ఇంకా మంచిది, టెస్టుకి వెళ్లని వాళ్ల సంగతి కూడా అందులో తెలిసిపోతుంది.

ఇంకోటి, కొత్త పనులన్నీ ఒకే వారంలో పెట్టుకోకండి. సోమవారం ఆఫీసు, బుధవారం సెలూన్, శుక్రవారం సినిమా, ఆదివారం ఫంక్షన్ అని వెళ్లి ఆ తర్వాత మంగళవారం జ్వరమొస్తే ఎక్కడ అంటుకుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు, ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో కూడా తెలీదు. వారానికి ఒక కొత్తది. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఎవరు ఎక్కడికి వెళ్లారో తేదీతో రాసేవాళ్లం, మొదట్లో పిల్లలు నవ్వారు, తర్వాత వాళ్లే రాయడం మొదలుపెట్టారు.

గాలి సంగతి

ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. జనం చేసిన పెద్ద పొరపాటు ఏంటంటే శానిటైజర్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కిటికీ మీద పెట్టలేదు. టేబుల్ తుడిచారు, డోర్ హ్యాండిల్ తుడిచారు, కూరగాయలు కూడా కడిగి ఆరేశారు, కిటికీలు మాత్రం ఏసీ కోసం మూసేసి కూర్చున్నారు. వైరస్ పడిన వస్తువుని ముట్టుకుంటే అంటుకునే అవకాశం ఒక్కో తాకుడికి పది వేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. చేతులు కడుక్కోవడం మానేయమని కాదు, వేరే రోగాలకి అది ఎప్పుడూ కావాల్సిందే, కానీ కంగారు అంతా అటు పెట్టకండి.

2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక బృందగానం ప్రాక్టీసు జరిగింది. 61 మంది, రెండున్నర గంటలు, అందులో ఒకరికి జలుబులాంటి లక్షణాలు. తర్వాత లెక్క తీస్తే ఆ ఒకరితో కలిపి 53 మంది జబ్బు పడ్డారు, 33 మందికి టెస్టులో తేలింది, 20 మందిది లక్షణాల్ని బట్టి లెక్కేశారు, ఇద్దరు పోయారు. పాట పాడటం అంటే గట్టిగా ఊపిరి వదలడం, మూసిన హాలు, అంతసేపు, అంతమంది. ఇలాంటి చోటే జబ్బు ఒక్కసారిగా పాకుతుంది, అంటుకున్న వాళ్లందరూ ఒకేలా అంటించరు, సుమారు 10 నుంచి 20 శాతం మంది నుంచే దాదాపు 80 శాతం వ్యాప్తి జరిగిందని అంచనాలు వచ్చాయి. జపాన్ వాళ్లు దీన్ని తొందరగా పట్టుకుని జనానికి మూడే మూడు మాటలు నేర్పారు, మూసిన చోటు, కిక్కిరిసిన చోటు, దగ్గరగా మాట్లాడుకునే చోటు, ఈ మూడూ కలిసిన దగ్గరికి పోకండి అని. చిన్నపిల్లాడికి కూడా గుర్తుంటుంది.

ఇప్పుడు ఇంట్లో, ఆఫీసులో ఎలా చూసుకోవాలో చెప్తా. కార్బన్ డయాక్సైడ్ మీటర్ అని అరచేతిలో పట్టేది ఉంటుంది, గాలిలో పది లక్షల భాగాలకి ఆ వాయువు ఎన్ని భాగాలుందో చెప్తుంది, బయట గాలిలో అది సుమారు 420 చూపిస్తుంది, మనం వదిలే ఊపిరిలో అయితే దాదాపు 40,000 ఉంటుంది, కాబట్టి గదిలో నంబర్ పెరిగేకొద్దీ మీరు పక్కవాడు వదిలిన గాలి అంత ఎక్కువ పీలుస్తున్నారన్నమాట. 800 లోపు ఉంటే బాగున్నట్టు, 1500 దాటితే గాలి ఆడట్లేదని అర్థం. నేను ఒక ఫ్రెండ్ దగ్గర మీటర్ అప్పు తెచ్చి మా ఆఫీసు మీటింగ్ రూమ్‌లో టేబుల్ మీద పెట్టా. నలుగురం, తలుపు మూసి, ఏసీ వేసి. మొదలుపెట్టినప్పుడు 480, పావుగంటకి 900, నలభై నిమిషాలకి 1600 దాటింది, అప్పటికి మా మేనేజర్ మూడో స్లైడ్ దగ్గరే ఉన్నాడు. లేచి తలుపూ దానికి ఎదురుగా ఉన్న కిటికీ తెరిచా, పది నిమిషాల్లో 700కి దిగింది. ఆ అంకె దిగడం చూశాక మీటింగ్‌లో ఎవ్వరూ కిటికీ మూయమనలేదు, అంతకుముందు నేను నెల రోజులు నోటితో చెప్తే విన్నవాడు లేడు.

ఇక్కడ రెండు విషయాలు. ఒకటి, మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పి తిప్పి కొడుతుంది, చల్లగా ఉంది కదా అని గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. రెండోది, కిటికీలు లేని చోట హెపా ఫిల్టర్ (సన్నని కణాల్ని కూడా పట్టేది) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పనికొస్తుంది, కానీ మీటర్‌లో నంబర్ తగ్గదు, ఎందుకంటే ఫిల్టర్ కణాల్ని పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని కాదు. ఇది తెలియక మిషన్ పనిచేయట్లేదని తిట్టుకునే వాళ్లని చూశా. ప్యూరిఫయర్ కొనలేకపోతే నాలుగు ఫిల్టర్లు పెట్టెలా నిలబెట్టి, అడుగున అట్ట పెట్టి, పైన బాక్స్ ఫ్యాన్ బిగించి టేపేసే పద్ధతి ఒకటుంది, కోర్సీ రోసెంతాల్ బాక్స్ అంటారు, చూడ్డానికి స్కూల్ ప్రాజెక్టులా ఉంటుంది కానీ పని బ్రహ్మాండం.

బయట ఎక్కడైనా కూర్చోవాల్సి వస్తే కిటికీ పక్కన, జనం పలచగా ఉండే టైమ్‌లో, పని అవ్వగానే లేచి రావడం. బస్సులో కిటికీ తెరవండి, పక్కావిడ మూయమంటే కాస్త బతిమాలుకోండి. కారులో ఇంటివాళ్లు కాని వాళ్లుంటే మీ పక్క అద్దం కంటే ఎదురు మూలది దించితే గాలి అడ్డంగా పారుతుంది, నాలుగూ దించితే ఇంకా హాయి. లిఫ్టులో అరనిమిషమే అయినా మాస్కు తీయొద్దు, ముందు ఎక్కినవాడు దగ్గి దిగిపోయుండొచ్చు కదా.

మాస్కు విషయానికొస్తే, తీసేయొచ్చన్నాక కూడా జేబులో ఒకటి ఉండాలి. గుడ్డ మాస్కు కంటే ఎన్95, కేఎన్95, ఎఫ్‌ఎఫ్‌పీ2 ఏదైనా నయం, ఎన్95 అంటే 0.3 మైక్రాన్ సైజు కణాల్ని కూడా కనీసం 95 శాతం ఆపాలన్నమాట, అయితే ముక్కు పక్కన సందుంటే ఆ లెక్కంతా గోవిందా. టెస్ట్ చాలా సులువు, కళ్లజోడు పెట్టుకుని ఊపిరి వదలండి, అద్దాలు మసకబారాయంటే పైన లీకవుతోంది, ముక్కు మీద తీగ నొక్కండి. గెడ్డం గుబురుగా ఉంటే ఎంత మంచి మాస్కైనా సరిగ్గా కూర్చోదు, లాక్‌డౌన్‌లో పెంచిన గెడ్డం మీద మమకారం ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

మనుషుల సంగతి

ఇది గాలి కంటే కష్టం. తెరిచాక ఒకే ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా ఉంటారు. మా తమ్ముడు మొదటి రోజే ఊరంతా తిరిగొచ్చాడు, మా అమ్మ ఆరు వారాల తర్వాత కూడా మేడ మీదకి తప్ప ఎక్కడికీ రానంది. తమ్ముడికి అమ్మది చాదస్తం, అమ్మకి తమ్ముడిది పొగరు. ఇద్దరిదీ తప్పు కాదనే అంటా నేను. నెలల తరబడి "బయట ప్రమాదం" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఒక్క రాత్రిలో "ఇప్పుడేం లేదు, రండి" అంటే మనసు స్విచ్ కాదు కదా. భయపడేవాళ్లని ఎగతాళి చేయకండి, అది అస్సలు పనిచేయదు, ఇంకా ముడుచుకుపోతారు. అమ్మని మేం ఇలా తీసుకొచ్చాం. మొదట వీధి చివర దాకా పొద్దున్నే ఎవరూ లేనప్పుడు, అదీ పది నిమిషాలే. నాలుగు రోజులయ్యాక అదే దారిలో కాస్త జనం ఉండే టైమ్‌లో. తర్వాత పార్కులో బెంచీ మీద ఒక స్నేహితురాలితో. ఆ తర్వాత ఒక షాపు, లోపలికెళ్లి ఒక్క వస్తువు కొని రావడం. ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా తర్వాతది ఎక్కనివ్వలేదు, అలాగని మధ్యలో ఎక్కువ రోజులు మానేయనివ్వనూ లేదు, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. రెండు నెలలు పట్టింది. నెలలు గడిచినా నిద్ర పట్టక, గుండె దడదడమంటూ, అసలు గుమ్మం దాటలేకపోతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి, దాన్ని ఇంటి చిట్కాలతో లాక్కురాకండి.

ఎవరింటికైనా వెళ్లేముందు, ఎవర్నైనా పిలిచేముందు నాలుగు మాటలు ముందే ఫోన్‌లో మాట్లాడేసుకోండి, అక్కడికెళ్లాక గుమ్మం దగ్గర ఇబ్బంది పడకుండా. "అన్నయ్యా, ఎంతమంది వస్తున్నారు, లోపల కూర్చుంటామా మేడ మీదా, ఎవరికైనా జలుబు లాంటిది ఉందా, అత్తయ్యకి ఒంట్లో బాలేదు కాబట్టి అడుగుతున్నా" అంటే ఎవరూ ఏమనుకోరు. కారణం ఇంట్లో పెద్దవాళ్ల మీద పెట్టేయండి, మన సమాజంలో దానికి తిరుగులేదు. పిలుపు వద్దనాలంటే పొడుగ్గా సాకులు చెప్పకండి, "ఈసారి రాలేను, వచ్చే ఆదివారం పార్కులో కలుద్దాం" అని ఇంకో చోటు చూపించండి, వద్దన్నట్టూ ఉండదు కలిసినట్టూ ఉంటుంది.

కలిసిన క్షణంలో వచ్చే ఆ గందరగోళం ఉంది చూశారా, ఒకడు చెయ్యి చాపుతాడు, ఇంకొకడు మోచెయ్యి పెడతాడు, మూడోవాడు వాటేసుకోబోయి మధ్యలో ఆగిపోతాడు. నాలుగడుగుల దూరం నుంచే నమస్కారం పెట్టేసి "నేనింకా వీటితోనే ఉన్నా" అని నవ్వేస్తే అయిపోతుంది. ముందు ఎవరు చేస్తే రెండోవాళ్లు అదే చేస్తారు, కాబట్టి మీరే ముందు చేసేయండి.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. లాక్‌డౌన్‌లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, ఆఖరి చూపుకి ఎవ్వర్నీ వెళ్లనివ్వలేదు, మనమూ ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాం. తెరిచాక సినిమాల కంటే ముందు ఆ ఇళ్లకి వెళ్లండి. ఏడాదైపోయింది ఇప్పుడెళ్లి ఏం కెలుకుతాం అనుకుంటాం, నేనూ అనుకున్నా, కానీ వెళ్తే భర్తని పోగొట్టుకున్న ఆవిడ రెండు గంటలు మాట్లాడుతూనే ఉంది, ఆస్పత్రి నుంచి ఆయన ఫోన్ చేసిన టైములూ, తను ఎత్తలేకపోయిన ఒక ఫోన్ కాల్ సంగతీ, సంచీలో తిరిగొచ్చిన కళ్లజోడూ. నేను చేసిందల్లా వరండాలో కూర్చుని వినడమే. ముందు ఫోన్ చేసి వెళ్లండి, ఒక్కరే వెళ్లండి, గుంపుగా వద్దు, వాళ్లాయన పేరు పలకడానికి భయపడకండి.

మూసి ఉన్న గదులు తెరిచేటప్పుడు

ఆఫీసు, దుకాణం, క్లాస్‌రూమ్, ఎక్కడో అద్దెకి తీసుకుని వదిలేసిన గది, ఏదైనా నెలలు మూసి ఉంటే తాళం తీసి నేరుగా పని మొదలుపెట్టకండి. మా చిన్న ఆఫీసు తలుపు తీయగానే మురుగు కంపు గుప్పున కొట్టింది, పైపు పగిలిందనుకుని ప్లంబర్‌కి ఫోన్ చేస్తే ఆయన నవ్వి "బాత్రూమ్ జాలీలో ఒక బకెట్ నీళ్లు పొయ్యండి సార్" అన్నాడు. విషయం ఏంటంటే సింకు కిందా జాలీ కిందా పైపు వంపులో నిలిచే కొంచెం నీళ్లే మురుగు వాసనని పైకి రాకుండా ఆపుతాయి, నెలల తరబడి వాడకపోతే అవి ఆవిరైపోతాయి. బకెట్ నీళ్లు పోశా, అరగంటలో వాసన పోయింది.

నీళ్ల సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. పైపుల్లో, ట్యాంకులో నీళ్లు కదలకుండా నిలిచిపోతే అందులో కలిపిన క్లోరిన్ అయిపోతుంది, గోరువెచ్చగా ఉంటే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, 25 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి పండగ. ఆ నీటి తుంపర పీలిస్తే ఒక రకం న్యుమోనియా వస్తుంది. అంటే కరోనాని తప్పించుకుని ఆఫీసు షవర్ దగ్గర దొరికిపోవచ్చు. కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి కడిగి నింపండి, ప్రతి కుళాయీ, వేడినీళ్లదీ చన్నీళ్లదీ, నీళ్లు తేటగా తాజాగా వచ్చేదాకా వదిలేయండి, షవర్ తల విప్పి కింద బకెట్‌లోకి వదిలితే తుంపర లేవదు, ఆ టైమ్‌లో కిటికీలు తెరిచి మీరు పక్కకి జరగండి. తాగే నీళ్ల ఫిల్టర్‌లో కార్ట్‌రిడ్జ్ మార్చేయండి. పెద్ద బిల్డింగైతే ఈ పని తెలిసినవాళ్లతో చేయించాలి.

మిగతావి చకచకా చెప్పేస్తా. ఏసీ ఫిల్టర్ కడిగాకే ఆన్ చేయండి. ఫ్రిజ్ తెరిచేముందు మాస్కు పెట్టుకోండి, ఇది వైరస్ కోసం కాదు. నిలిపేసిన బండికి బ్యాటరీ డౌన్ అయ్యుంటుంది, టైర్లలో గాలి పోయుంటుంది, బ్రేకులకి తుప్పు పట్టుంటుంది, బానెట్ ఎత్తి ఎలకలు వైర్లు కొరికాయేమో చూసుకుని, మొదటి కిలోమీటర్ మెల్లగా బ్రేకులు పరీక్షించుకుంటూ వెళ్లండి. పాత శానిటైజర్ బాటిల్ మూత సరిగ్గా లేకపోతే ఆల్కహాల్ ఎగిరిపోయుంటుంది, 60 శాతం కంటే తక్కువుంటే అది సరిగ్గా పనిచేయదు.

మా ఆఫీసు గోడ మీద క్యాలెండర్ మార్చి 2020 దగ్గరే ఆగిపోయి ఉంది, 27వ తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో గుండ్రంగా గీసి "అందరూ తప్పక రావాలి" అని రాసి ఉంది. ఆ మీటింగ్ దేని గురించో ఎవరికీ గుర్తు రాలేదు.

ఒళ్లు, వాయిదా పడ్డ చెకప్పులు

నెలలు కూర్చున్న ఒళ్లు మొదటి రోజే జిమ్‌లో పాత బరువులు ఎత్తబోతే నడుం పట్టేస్తుంది, పాతదాంట్లో సగంతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచుకోండి. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు ఇంకా నెమ్మదిగా, నడుస్తుంటే ఛాతీలో నొప్పో, కళ్లు తిరగడమో, ఉన్నట్టుండి ఆయాసమో వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి. దానికంటే ముఖ్యం, లాక్‌డౌన్‌లో వాయిదా వేసినవన్నీ ఒక కాగితం మీద రాయండి, బీపీ, షుగర్, పళ్లు, కళ్లు, ఆడవాళ్ల చెకప్పులు, అన్నిటికంటే ముందు పిల్లల టీకాలు. 2020లో ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 30 లక్షల మంది పిల్లలకి మామూలుగా పడాల్సిన టీకాలు పూర్తిగా పడలేదని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ లెక్క తేల్చాయి. తట్టు లాంటివి ఆ సందులోంచే వస్తాయి. స్కూలు తెరవగానే యూనిఫాం పొట్టయిందా అని చూస్తాం, టీకా కార్డు కూడా ఆ రోజే బయటికి తీయండి.

చిన్నపిల్లలకి బడి అలవాటు తప్పిపోయుంటుంది, పొద్దున్న ఏడుపులుంటాయి, తెరవడానికి వారం ముందు నుంచే లేచే టైమ్ మార్చుకుంటూ రండి. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15నే చిన్న పిల్లల బడులు తెరిచింది, చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, బల్లలు దూరం జరిపి, వీలైనన్ని క్లాసులు ఆరుబయట పెట్టి. మీ టీచర్లని అడిగి చూడండి, చెట్టు కింద క్లాసు కొత్తేం కాదు మనకి. ఇంట్లో కుక్క ఉంటే దాన్నీ మర్చిపోకండి, నెలల తరబడి మీరు ఎదురుగా ఉండి ఒక్కసారి తొమ్మిది గంటలు మాయమైతే అది తలుపు కొరికేస్తుంది, ముందు పది నిమిషాలు, తర్వాత అరగంట అలా అలవాటు చేయండి.

జలుబు చేస్తే, మళ్ళీ మూస్తే

జలుబున్నా దగ్గున్నా ఆఫీసుకెళ్లి కష్టజీవి అనిపించుకునే రోజులు పోవాలి. గొంతు గరగరమంటే ఆగిపోండి, ఇంట్లో చేసుకునే యాంటీజెన్ టెస్ట్ చేసుకోండి, నెగెటివ్ వచ్చిందని చంకలు గుద్దుకోకండి, 48 గంటలాగి ఇంకోసారి చేయాలి, మొదటి రోజుల్లో వైరస్ ఆ టెస్టులో తరచూ బయటపడదు. పాజిటివ్ వస్తే ఫ్రిజ్ మీద కాగితం చూసి, ఆ వారం కలిసిన వాళ్లందరికీ అదే రోజు ఫోన్. నాకు ఒకసారి వచ్చినప్పుడు పదకొండు ఫోన్లు చేశా, తొమ్మిది మంది థాంక్స్ అన్నారు, ఒకరు తిట్టారు, ఒకరు నిద్రలో ఉండి ఎవరండీ అన్నారు.

మళ్ళీ మూసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, 2020 మార్చి 11న డబ్ల్యూహెచ్‌ఓ దీన్ని పాండెమిక్ అంది, అంతర్జాతీయ ఎమర్జెన్సీ ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న, ఈ మధ్య కాలంలో తెరవడం, మూయడం, సగం తెరవడం ఎన్నిసార్లో లెక్క మర్చిపోయాం. కాబట్టి ఫంక్షన్ హాల్ అయినా టికెట్ అయినా క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిస్తారా అని బుక్ చేసేముందే అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి, నోటిమాట మీద నేనొకసారి అడ్వాన్స్ మొత్తం వదులుకున్నా. మళ్ళీ మూస్తే, గది తాళం వేసి వచ్చేసేటప్పుడు మాత్రం ఐదు నిమిషాలు ఆగండి. ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్ పీకి తలుపు సందుగా వదిలేయండి, నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయండి, బండి బ్యాటరీ వైరు తీసేయండి, మొక్కలుంటే ఇంటికి తెచ్చేసుకోండి, జాలీలో నీళ్లు పోసి పైన కాస్త వంటనూనె చుక్కలు వేయండి, నీళ్లు త్వరగా ఆరవు, ఇది కూడా ఆ ప్లంబర్ చెప్పిందే.